తాళానికి చెవి ఉండాలి

టోలిచౌకి ఫ్లైఓవర్ దిగాక, మండీ హోటళ్ల మసాలా వాసన మెట్లెక్కి వచ్చే ఓ రెండో అంతస్తులో మా గది. అద్దె ఇద్దరం పంచుకుంటాం. ఆమె వెబ్‌సైట్లు కడుతుంది, నేను పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. ఆమె మేనమామ వారానికి రెండుసార్లు ఫిల్మ్‌నగర్ నుంచి ఆటోలో దిగుతారు. మద్రాసులో సినిమా టైటిల్ కార్డులు చేత్తో రాసి, పరిశ్రమ వెనకాలే హైదరాబాద్ వచ్చిన మనిషి. ఇప్పుడు ఒక సినీ సంఘం సైటుకి పాత సినిమాల మీద పేజీలు రాసిపెడుతున్నారు. ఆ సైటు బాగోగులు చూసేది మేనకోడలే. చౌకీ అంటే కాపలా ఠాణా కదా. కాపలా గురించి వాళ్లిద్దరూ వాదించుకోవడానికి ఇంతకంటే తగిన పేట లేదు. మొన్న గురువారం జరిగిన వాదన ఇది. నా వంతు టీలు తెప్పించడం వరకే.

మామయ్య: నా పేజీకి నాకే తాళం వేస్తావా అమ్మాయ్?

మేనకోడలు: ముందు కూర్చోండి మామయ్యా. ఎక్కడ తెరుచుకోలేదు?

మామయ్య: పేజీ అడుగున పట్టీ ఉందే, దాంట్లో ఒక తేదీ దిద్దుదామని బాణం అక్కడికి తీసుకెళ్లాను. బాణం మాయమై గుండ్రం, దానికో అడ్డగీత వచ్చాయి. రోడ్డు మీద ప్రవేశం లేదనే బోర్డులాగా. పక్కకి జరిపితే మళ్లీ మామూలే. నలభై ఏళ్లు అక్షరాలు రాసినవాణ్ని. ఒక అంకె దిద్దే అర్హత లేదా నాకు?

మేనకోడలు: అర్హత మాట కాదండీ. ఆ సైటు నేను కట్టింది కాదు, నాకు ముందు ఎవరో డ్రీమ్‌వీవర్‌లో కట్టారు. 1997లో మాక్రోమీడియా తెచ్చిన సాఫ్ట్‌వేర్ అది, 2005 చివర్లో కంపెనీతో పాటే అడోబీ చేతికి వెళ్లింది. దాంట్లో ముందు ఒక టెంప్లేట్ చేస్తాం. లోగో, మెనూ, కింది పట్టీ, ఇలా ప్రతి పేజీలో ఒకేలా ఉండాల్సినవన్నీ అందులో పెడతాం. మధ్యలో కొన్ని చోట్లని ఇక్కడ రాసుకోవచ్చని గుర్తుపెడతాం. వాటిని ఎడిటబుల్ రీజియన్లు అంటారు. మిగతాదంతా మూసే ఉంటుంది.

మామయ్య: ఆ మిగతాదానికి పనిగట్టుకుని తాళం ఎవరు వేశారు?

మేనకోడలు: ఎవరూ వెయ్యక్కర్లేదు. తెరిచి పెట్టంది ఏదైనా మూసినట్టే.

మామయ్య: అదే నా మొదటి అభ్యంతరం, రాసుకో. ఇది ఆలోచించి వేసిన తాళం కూడా కాదు. తెరవడం మరిచిపోయారు కాబట్టి పడిన తాళం.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ అది లేకపోతే ఏమవుతుందో కూడా చూశాను. ఇంకో సైటులో ఒకాయన ఒక వాక్యం చెరిపేస్తూ దాని పక్కనున్న కోడు ముక్క కూడా చెరిపారు. పేజీలో కుడివైపు ఉండాల్సిందంతా కిందికి జారిపోయింది. ఎడంవైపు మెనూ ఒక్కటే నిలబడింది, పందిరి పడిపోయాక మిగిలిన గుంజలా. ఆయన తప్పేం లేదు. ఆ చోట ఆయన చెయ్యి పడకూడదు, అంతే.

మామయ్య: నేనేం ఊరుకున్నానా? ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. తాళమూ లేదు, గొళ్లెమూ లేదు! అంతా మామూలు అక్షరాలే. తేదీ మార్చాను, సేవ్ చేశాను, సైటులోకి ఎక్కించాను. పని జరిగింది.

మేనకోడలు: ఆ ఎక్కించింది మీరేనా! దాంట్లో ఇన్‌స్టెన్స్ బిగిన్ ఎడిటబుల్ అని కొన్ని వరసలు కనపడ్డాయా?

మామయ్య: కనపడ్డాయి. ఏవో గొణుగుడు మాటలనుకున్నాను.

మేనకోడలు: గొణుగుడే. బ్రౌజరు వాటిని చదవదు, చూసేవాళ్లకి కనపడవు. డ్రీమ్‌వీవర్ ఒక్కటే వాటికి విలువిస్తుంది. పెళ్లిపందిట్లో తాడు కట్టినట్టు అనుకోండి. దాటదలుచుకున్నవాణ్ని తాడు ఆపదు, అవతల పెద్దవాళ్లు కూర్చున్నారని మాత్రం చెబుతుంది.

మామయ్య: దాటాను కదా, ఏమైంది? నాలుగు రోజులు నా తేదీ దర్జాగా ఉంది. అయిదో రోజు చూస్తే మళ్లీ పాతదే! ఎవరు తుడిచారు?

మేనకోడలు: నేనే, నాకు తెలీకుండా. ఆఫీసు ఫోన్ నంబరు మారిందని టెంప్లేట్‌లో మార్చి సేవ్ చేశాను. దీని మీద ఆధారపడిన పేజీలన్నీ మార్చమంటారా అని అడిగింది, మార్చమన్నాను. మూసి ఉన్న భాగాలన్నిటినీ టెంప్లేట్‌లో ఉన్నట్టే తిరగరాసింది. మీ తేదీ ఆ భాగంలోనే ఉంది.

మామయ్య: అంటే నిజం దిద్దినా నిలవదు.

మేనకోడలు: తప్పుడు చోట దిద్దితే నిలవదు.

మామయ్య: సరే, తేదీ సంగతి తర్వాత తేలుద్దాం. 'మాయాబజార్' పేజీ చూశావా? 1957 నాటి సినిమా. నీ మూసలో హీరో అని ఒక గడి, హీరోయిన్ అని ఒక గడి. హీరో గడిలో ఎవర్ని కూర్చోబెట్టను? కృష్ణుడు రామారావు గారు. అభిమన్యుడు నాగేశ్వరరావు గారు. సినిమాని భుజాన మోసింది ఘటోత్కచుడు రంగారావు గారు. ముగ్గురిలో ఇద్దర్ని బయట నిలబెట్టమంటావా?

మేనకోడలు: ముగ్గురి పేర్లూ కామాలు పెట్టి...

మామయ్య: రెండో పేరు దగ్గరే గడి నిండిపోతోంది. సంగీతానికీ ఒక్కటే వరస. ఆ సినిమాకి కొన్ని బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు, తక్కినవి కట్టి పూర్తిచేసింది ఘంటసాల గారు. ఒక్క వరసలో ఇది చెప్పనా, మానెయ్యనా? అందుకే మెనూ అంతా వెతికి డిటాచ్ అనే మాట పట్టుకున్నాను. నొక్కగానే గుండ్రమూ పోయింది, అడ్డగీతా పోయింది. పదకొండు పేజీలు అలా విడిపించుకున్నాను.

మేనకోడలు: విడిపించుకున్నారా, విడగొట్టుకున్నారా? టెంప్లేట్ నుంచి తెంచాక ఆ పేజీకి ఇంటితో సంబంధం ఉండదు. కొత్త ఫోన్ నంబరు అన్ని పేజీలకీ వెళ్లింది, మీ పదకొండుకీ వెళ్లలేదు. మెనూని సెల్‌ఫోన్‌లో సరిపడేలా మార్చాను, అదీ వాటికి అందలేదు. వాటిలో ఉన్న నంబరుకి ఫోన్ చేసేవాళ్లకి ఎవరూ ఎత్తరు. సంఘంవాళ్లు తిడుతున్నది నన్ను.

మామయ్య: ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?

మేనకోడలు: మీరు ముందే ఎందుకు అడగలేదు? పేర్లు ఒకటికి మించి వచ్చే చోట రిపీటింగ్ రీజియన్ పెట్టొచ్చు. 2002 నాటి డ్రీమ్‌వీవర్ ఎంఎక్స్ నుంచీ ఆ వీలుంది. ఒక ప్లస్ గుర్తు నొక్కితే ఇంకో వరస వస్తుంది. ఇద్దరు సంగీత దర్శకులైతే రెండు, ముగ్గురు హీరోలైతే మూడు. కట్టినాయన పెట్టలేదు, నేనూ చూసుకోలేదు. ఇది తాళం తప్పు కాదు, గది కొలత తప్పు.

మామయ్య: గదిలో ఉండేవాడికి రెండూ ఒకటే తల్లీ. ఇంకో కొలత చెబుతాను విను. 'శ్రీకృష్ణార్జున యుద్ధం' పేజీలో పేరు చూడు. పెద్దక్షరాల్లో వేశావు. కింద ఒత్తులు ఎక్కడున్నాయి?

ఆమె పేజీ తెరిచింది. నేనూ కుర్చీ జరుపుకుని చూశాను. శీర్షిక రెండు వరసలుగా విరిగింది. పై వరసలో షకారానికీ, రకారానికీ కింద వేలాడాల్సిన ఒత్తులు సగానికి తెగిపోయాయి, కత్తెరతో కోసినట్టు.

మామయ్య: టైటిల్ కార్డు రాసేముందు నల్ల అట్ట మీద పెన్సిలుతో రెండు గీతలు గీసేవాణ్ని. తలకట్టు పై గీతకి తగలాలి, అక్షరం కింది గీత మీద కూర్చోవాలి. కానీ ఒత్తు? ఒత్తు కింది గీత దాటే తీరాలి. దాని కోసం కింద ఇంకో అక్షరమంత జాగా వదిలేవాణ్ని. ఈ మూస చేసినవాడు ఇంగ్లీషు అక్షరాలు చూసుకుని ఎత్తు బిగించేశాడు. వాళ్లకి ఒత్తుల్లేవు. వాళ్లకి సరిపోయిన గదిని మనకి తాళం వేసి ఇచ్చాడు.

మేనకోడలు: ఇది నిజం. శీర్షిక వరస ఎత్తు తాళం వెనకాలే ఉంది, మీరు మార్చలేరు. నేను చూడాల్సింది.

మామయ్య: అందుకే అంటున్నాను, మూస అనే మాటే మంచిది కాదు. మా ఫిల్మ్‌నగర్‌లో మూస సినిమా అంటే తిట్టు. సమీక్షలో ఆ మాట పడితే దర్శకుడికి ఆ పూట అన్నం సహించదు.

మేనకోడలు: తెలుగు వికీపీడియాలో టెంప్లేట్‌కి పెట్టుకున్న పేరు ఆ తిట్టే, మామయ్యా. మూస. 2003 డిసెంబరు నుంచి తెలుగువాళ్లు కూర్చుకుంటున్న విజ్ఞాన సర్వస్వం అది. వాళ్లు కంసాలి మూసని తలుచుకుని ఉంటారు. మూసని ఎవరూ మెళ్లో వేసుకోరు, కానీ అది లేకపోతే బంగారం కరగదు. అయినా మీకు మూస ఎప్పుడు పనికిరాలేదు? మీరు రాసిన టైటిల్స్‌లో చివరి కార్డు ఎవరిది?

మామయ్య: దర్శకుడిది. ఇంకెవరిది?

మేనకోడలు: ఎప్పుడైనా మధ్యలో వేశారా?

మామయ్య: వేసుంటే ఇవాళ ఇక్కడ టీ తాగుతూ ఉండేవాణ్నా!

మేనకోడలు: మరి అది తాళం కాదా? సినిమాకి ముందు తెర మీద సెన్సార్ సర్టిఫికెట్ వేస్తారు. దాంట్లో ఒక్క అక్షరం మీరు మార్చారా? ఎంత పెద్ద హీరో సినిమా అయినా ఆ కాగితానికి దండం పెట్టి మొదలవ్వాల్సిందే.

మామయ్య: తేడా చెబుతాను. టైటిల్స్‌లో ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అని అర్ధరాత్రి దాకా కొట్టుకున్న రోజులున్నాయి. కొట్టుకోవడానికి ఎదురుగా మనిషి ఉన్నాడు. నిర్మాత ఉన్నాడు, మేనేజరున్నాడు. సర్టిఫికెట్ మీద సంతకం ఉంటుంది, తేదీ ఉంటుంది. తప్పు పడితే ఏ గుమ్మం తొక్కాలో తెలుసు. నీ గుండ్రంలో అడ్డగీత ఉందే, దాని గుమ్మం ఎక్కడ? తాళం ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పే దిక్కు లేదు.

ఆమె వెంటనే బదులివ్వలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, ఇంతకీ ఆ తేదీ ఏమిటని అడిగింది.

మామయ్య: ఇప్పుడడిగావు. ప్రతి పేజీ అడుగునా 'తెలుగు టాకీ పుట్టినరోజు: 1931 సెప్టెంబర్ 15' అని ఉంది. హెచ్.ఎం. రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద' ఆ రోజు విడుదలైందని మేమూ ఏళ్ల తరబడి నమ్మాం, సభలు చేశాం, దండలు వేశాం. తర్వాత రెంటాల జయదేవ గారు పాత కాగితాలు తవ్వి తేల్చారు. ఆ సినిమాకి బొంబాయిలో సెన్సార్ సర్టిఫికెట్ వచ్చింది 1932 జనవరి 22న. సర్టిఫికెట్టే జనవరిలో వస్తే అంతకు ముందు సెప్టెంబర్‌లో ఎలా ఆడుతుంది? బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న. ఇప్పుడు పరిశ్రమ ఆ రోజే తెలుగు సినిమా దినోత్సవం చేసుకుంటోంది. మన సైటు మాత్రం ప్రతి పేజీలోనూ పాతపాటే పాడుతోంది.

మేనకోడలు: చూశారా! తేదీని దిద్దిపెట్టింది ఎవరూ చెయ్యి పెట్టలేని ఆ కాగితమే. ఎవడికి తోచినట్టు వాడు దిద్దుకునే వీలుంటే ఆ సర్టిఫికెట్ మీద కూడా 1931 అనే ఉండేది. తాళం పడి ఉంది కాబట్టే అది సాక్ష్యం చెప్పింది.

మామయ్య: బాగా పట్టుకున్నావు. కాని తాళం పడిందాంట్లో నిజం ఉంటే సాక్ష్యం, తప్పు ఉంటే? విడివిడిగా రాసిన పేజీల్లో తప్పయితే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట సరిగ్గా రాసి ఉండేవాళ్లు, రెండూ పోల్చి అనుమానం వచ్చేది. మూసలో తప్పు పడితే వందల పేజీలు ముక్తకంఠంతో అబద్ధం చెబుతాయి. పోల్చుకోవడానికి ఇంకో మాటే దొరకదు.

మేనకోడలు: దిద్దితే అన్నీ ఒక్కసారే నిజం చెబుతాయి.

మామయ్య: దిద్దేవాడి దాకా కబురు చేరితే.

ఇక్కడ ఇద్దరూ ఆగారు. కింద హోటలువాడు బిర్యానీ హండీ మూత మీద గరిటెతో కొట్టిన చప్పుడు వినపడింది. ప్రూఫులు దిద్దేవాడిగా నాకు అనుభవమే: అచ్చుకి వెళ్లిపోయిన ఫారంలో తప్పు కనపడితే చేతులు కట్టుకు కూర్చోవడం ఎలా ఉంటుందో.

మేనకోడలు: వికీపీడియావాళ్లు దీన్నెలా నెట్టుకొస్తున్నారో చూపిస్తాను, ఇటు రండి. ఇది ఒక సినిమా పేజీ. కుడిపక్కన పెట్టె ఉంది కదా. దర్శకత్వం, సంగీతం, విడుదల అనే మాటలు మూసవి. వాటి ఎదురుగా ఉన్న పేర్లు, తేదీలు పేజీవి. ఇలాంటి మూసని వేల పేజీలు వాడుకుంటుంటే, దాంట్లో ఒక చుక్క తప్పిపోయినా అన్ని పేజీల్లోనూ పెట్టె చెదిరిపోతుంది. కాబట్టి అలాంటి మూసలకి సంరక్షణ పెడతారు, అందరి చెయ్యీ పడనివ్వరు. పేర్లూ తేదీలూ మాత్రం మీరైనా, ఈయనైనా దిద్దొచ్చు.

మామయ్య: గడి పేరుకి తాళం, గడిలో సరుకుకి లేదు. సంగీతం అనే మాట నేను మార్చనక్కర్లేదు. ఘంటసాల పక్కన రాజేశ్వరరావుని చేర్చుకోగలిగితే చాలు.

మేనకోడలు: ఇంకోటి కూడా ఉంది. తాళం పడిన పేజీకి కూడా పక్కన చర్చ అని ఇంకో పేజీ ఉంటుంది. మామూలుగా అది తెరిచే ఉంటుంది. ఫలానా చోట తప్పుంది, ఆధారం ఇదీ అని రాస్తే, చెయ్యి పెట్టగలవాళ్లు చూసి మారుస్తారు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చరిత్రలో ఉంటుంది. ఇంగ్లీషు వికీపీడియాలో 2013లో ఒక మెట్టు ముందుకెళ్లారు. మూసల పని తెలిసినవాళ్లకి నిర్వాహకులు కాకపోయినా టెంప్లేట్ ఎడిటర్ అని విడిగా ఒక హక్కిచ్చారు. అంటే తాళంచెవి పెత్తనం చూసి కాదు, పనితనం చూసి.

మామయ్య: ఈ మాట నచ్చింది. తాళం ఉంది, పక్కనే వినే చెవీ ఉంది.

మేనకోడలు: వికీకి ఇంకో సుఖం కూడా ఉంది. అక్కడ మూస ఒకచోటే ఉంటుంది, పేజీ దాన్ని పిలుచుకుంటుంది. మన డ్రీమ్‌వీవర్‌లో మూస ప్రతి పేజీలోనూ అచ్చు గుద్దినట్టు దిగిపోతుంది. టెంప్లేట్ మార్చాక వందల ఫైళ్లూ మళ్లీ సర్వర్‌కి ఎక్కించాల్సిందే.

మామయ్య: ఎక్కించు మరి. టీకి నేనిస్తాను.

మేనకోడలు: నా షరతు వినండి. ఇకమీద డిటాచ్ మీద మీ వేలు పడకూడదు. నోట్‌ప్యాడ్ జోలికి వెళ్లకూడదు.

మామయ్య: నా షరతూ విను. ఏదైనా మూసేముందు ఒక్క ప్రశ్న వేసుకో: ఇది అన్ని పేజీల సొమ్మా, ఈ ఒక్క పేజీ సొమ్మా? అందరిదీ అయితే తాళం వెయ్యి, నేను నోరెత్తను. ఒక్క పేజీదే అయితే నువ్వు మూయడానికి వీల్లేదు. వేసిన ప్రతి తాళం పక్కనా తప్పుంటే ఎవరికి చెప్పాలో రాయి. గుండ్రానికి అడ్డగీత గీస్తే చాలదు, దారి కూడా చూపించాలి.

మేనకోడలు: ఒత్తులకి జాగా కూడా ఇస్తాను.

మామయ్య: అది నువ్వు నాకిచ్చే వరం కాదమ్మా, తెలుగుకి బాకీ.

ఆ సాయంత్రమే ఆమె టెంప్లేట్ తెరిచింది. శీర్షిక వరస ఎత్తు పెంచింది. నటీనటుల దగ్గరా సంగీతం దగ్గరా రిపీటింగ్ రీజియన్లు పెట్టింది. పట్టీలో తేదీని 1932 ఫిబ్రవరి 6గా మార్చి, దాని కింద 'ఇందులో తప్పు కనపడితే ఈ నంబరుకి చెప్పండి' అని ఒక వరస చేర్చి, తన నంబరే ఇచ్చింది. సేవ్ చేయగానే పేజీలన్నీ మార్చమంటారా అని అడిగింది, మార్చమంది. కాసేపటికి మార్చిన పేజీల చిట్టా తెర మీదికొచ్చింది. మామయ్య కళ్లద్దాలు సర్దుకుని ఆ చిట్టా పైనుంచి కిందికి చదివారు. 'మాయాబజార్' లేదు. ఇంకో పది కూడా లేవు. ఆయన విడిపించుకున్న పేజీల్లో తెలుగు టాకీ ఇంకా 1931లోనే పుడుతోంది.

శుక్రవారం పొద్దున ఆయన మళ్లీ వచ్చారు. ఆ పదకొండింటికీ మేనకోడలు టెంప్లేట్ తిరిగి తగిలించి ఇచ్చింది. రాసిన సరుకుని ఏ గడిది ఆ గడిలో చేత్తో సర్దుకుంటూ సాయంత్రం దాకా కూర్చున్నారు.